మన గోడల మీది దస్తూరీ – శ్రీ బాపు గారి జీవిత విశేషాలు



ఈ ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితాన్ని గురించి వ్రాయమని మన సంఘ కార్యవర్గం వారు నన్ను కోరారు. నాయకులను గురించి, దేశభక్తులను గురించి వ్రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. నేను గుమాస్తాను. 1974లో నందిగామ తాలూకా కచేరీలో చేరి, 2008లో పదవీ విరమణ చేసేదాకా ముప్పై నాలుగేళ్లు కలాన్ని నమ్ముకుని బ్రతికినవాడిని. అందుచేత తెలుగు అక్షరాన్ని అందంగా వ్రాసిన ఒక చేతిని గురించి వ్రాయాలని అనిపించింది. ఆ చేయి శ్రీ బాపు గారిది.

ఇలా అనిపించడానికి ఒక కారణం ఉంది. క్రిందటేడు ఒక బ్యాంకులో నా సంతకం సరిపోలలేదని చెక్కు తిప్పి ఇచ్చారు. వారి తప్పేమీ లేదు. నా చేయి వణుకుతున్నది. బల్ల అవతల కూర్చున్న అమ్మాయి మర్యాదగా వేలిముద్ర వేయమన్నది. సర్వీసులో ఉండగా ఎందరో రైతుల చేత వేలిముద్రలు వేయించి, ప్రక్కన ఇది ఫలానా వారి ఎడమచేతి బొటనవేలి ముద్ర అని గుండ్రంగా వ్రాసినవాడిని నేను. ఆ రోజు నా బొటనవేలు సిరా పెట్టె మీద పెట్టినప్పుడు మనసు చివుక్కుమన్నది. ఇంటికి వచ్చి పాత పెట్టె తెరిస్తే, అడుగున ఆంధ్ర పత్రిక వారపత్రిక నుంచి ఎప్పుడో కత్తిరించి దాచుకున్న కథల శీర్షికలు కనిపించాయి. అన్నీ బాపు గారి వ్రాతలే.

బాల్యం, చదువు

బాపు గారి అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933 డిసెంబరు 15న పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో జన్మించారు. తండ్రి వేణుగోపాలరావు గారు న్యాయవాది. తల్లి సూర్యకాంతమ్మ గారు. ఇంట్లో పిలుచుకునే బాపు అన్న పేరే తరువాత లోకానికంతటికీ పేరయింది. చదువు మద్రాసులో సాగింది. మైలాపూరులోని పి.ఎస్. హైస్కూలులో ఆయనకు ఒక స్నేహితుడు దొరికాడు. ఆయనే ముళ్లపూడి వెంకటరమణ గారు. 1931లో ధవళేశ్వరంలో పుట్టి, చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని, కష్టాల మధ్య మద్రాసు చేరిన పిల్లవాడు. అక్కడ మొదలైన స్నేహం 2011 ఫిబ్రవరి 24న రమణ గారు కన్నుమూసేవరకు ఒక్కనాడూ చెడలేదు. తెలుగువారికి బాపు రమణ అన్నది ఒకే మాటయింది.

న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అంటే మనందరి రేడియో అన్నయ్య, అక్కయ్య గార్లు, పిల్లల కోసం బాల అనే పత్రిక నడిపేవారు. 1945లో రమణ గారి మొదటి కథ ఆ పత్రికలో వచ్చింది. దానికి బొమ్మ వేసింది బాపు గారే. అప్పటికి ఆయన వయసు పన్నెండేళ్లకు అటూ ఇటూ. ఒకరు వ్రాయడం, మరొకరు గీయడం అన్న ఏర్పాటు అంత చిన్న వయసులోనే కుదిరిపోయింది.

తండ్రి గారి బాటలోనే బాపు గారు కూడా న్యాయశాస్త్రం చదివి 1955లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి పట్టా పుచ్చుకున్నారు. కాని కోర్టుకు వెళ్లలేదు. ఆంధ్ర పత్రికలో కార్టూనిస్టుగా చేరారు. ఆ రోజుల్లో లా పట్టా చేత పెట్టుకుని బొమ్మలు గీస్తానంటే పెద్దలు ఏమనుకుని ఉంటారో మన తరం వారికి వేరే చెప్పనక్కరలేదు. స్థిరమైన వృత్తి, దాని వెంట వచ్చే గౌరవం కాదనుకుని ఆయన కుంచె పట్టుకున్నారు. అటుపైన కొంతకాలం ప్రకటనల కంపెనీలలోనూ పనిచేశారు. చూడగానే కన్ను ఆగాలి, ఒక్క క్షణంలో విషయం అందాలి అన్నది ప్రకటనల పనిలో మొదటి సూత్రం. ఆయన శీర్షికలు చూస్తే ఆ పని వృథా పోలేదని తెలుస్తుంది.

1950 దశకం చివర ఆంధ్ర పత్రిక వారపత్రికలో రమణ గారి బుడుగు వచ్చింది. బుడుగు మాటలు రమణ గారివి, రూపం బాపు గారిది. పిలక, నిక్కరు వేసుకున్న ఆ పిల్లవాడిని, వాడి నేస్తం సీగాన పెసూనాంబను తెలియని తెలుగు ఇల్లు మన తరంలో లేదనే చెప్పవచ్చు.

ఆయన అక్షరం

బాపు బొమ్మను గురించి చాలామంది వ్రాశారు. వాలుజడ, పెద్ద కళ్లు, సన్నని నడుము ఉన్న అమ్మాయిని చూస్తే ఇప్పటికీ బాపు బొమ్మలా ఉందంటాము. నేను చెప్పదలచినది బొమ్మ ప్రక్కన ఉండే అక్షరాన్ని గురించి.

ఆ రోజుల్లో పత్రికల లోపలి విషయమంతా సీసపు అచ్చులతో కూర్చేవారు. కంపోజిటరు అరల పెట్టె ముందు నిలబడి ఒక్కొక్క అచ్చునూ ఏరి వరుసలో పేర్చాలి. తెలుగులో హల్లు, గుణింతం, వత్తు కలిస్తే వందల రూపాలు అవుతాయి. కనుక ప్రెస్సులో ఉన్న అచ్చులతోనే సరిపెట్టుకోవాలి. పెద్ద సైజు అచ్చులు ఏ ప్రెస్సులోనూ ఎక్కువ రకాలు ఉండేవి కావు. అందుకని కథ పేరు, ముఖచిత్రం మీది పేరు చిత్రకారుడు చేత్తో వ్రాసి ఇచ్చేవాడు. దాన్ని ఫోటో తీసి, జింకు రేకు మీదికి ఎక్కించి, ఆసిడ్‌తో తినిపించి, చెక్క దిమ్మకు బిగించి అచ్చు వేసేవారు. దాన్నే బ్లాకు అనేవాళ్లం. అంటే పేజీ అంతా యంత్రం మాట్లాడుతుంటే, పైన ఆ ఒక్క ముక్క మాత్రం మనిషి చేతితో మాట్లాడేది.

చాలామంది చిత్రకారులు ఆ ముక్కను కూడా కొలబద్ద పెట్టి, అచ్చు అక్షరానికి నకలుగా వ్రాసేవారు. బాపు గారు అలా చేయలేదు. తన చేయి ఎలా పోతే అలా పోనిచ్చారు. కుంచె నొక్కినచోట లావు, ఎత్తినచోట సన్నం. తలకట్టు పిట్ట రెక్క విదిల్చినట్లు పైకి ఎగురుతుంది. వత్తు క్రింద ఇరుక్కుని కూర్చోక ప్రక్క అక్షరం క్రిందికి హాయిగా చేయి చాపుతుంది. గుండ్రాలు నిండు గుండ్రాలు కావు. వరుస కూడా తిన్నగా ఉండదు. అక్షరాలు కొద్దిగా ఎగుడుదిగుడుగా, నలుగురు నడిచి వెళ్తున్నట్లు ఉంటాయి. అయినా చదవడానికి తడుముకోనక్కరలేదు. కరణీకపు వ్రాతలు చదివి చదివి కళ్లు కాయలు కాచిన నాబోటి వారికి ఇది ఎంత కష్టమో తెలుసు. అలంకారం పెరిగితే చదువు తగ్గుతుంది. ఆయన రెండింటినీ కలిపి నడిపించారు.

ఇక్కడ మన ప్రాంతపు విషయం ఒకటి చెప్పాలి. జగ్గయ్యపేట ప్రక్కనున్న ధనంబోడు మీద బౌద్ధ స్తూపం బయటపడిన సంగతి మీకు తెలుసు. 1882లో బర్జెస్ దొర అక్కడ త్రవ్వించారు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలపు శాసనం దొరికింది. సిద్ధార్థుడు అనే ఒక పనివాడు స్తంభాలు దానం చేసినట్లు అందులో ఉన్నది. ఆ బ్రాహ్మీ అక్షరాల కొమ్ములు, తోకలు పొడుగ్గా సాగి, వంపులు తిరిగి, అలంకారంగా ఉంటాయి. లిపి శాస్త్రజ్ఞులు ఆ తీరును ప్రత్యేకంగా జగ్గయ్యపేట పేరుతోనే పేర్కొంటారు. సుమారు పదిహేడు వందల ఏళ్ల క్రితం మన మెట్ట మీద ఒక చేయి, విషయం తెలిస్తే చాలదు, అక్షరం చూడముచ్చటగా కూడా ఉండాలని అనుకున్నది. బాపు గారు అనుకున్నదీ అదే.

సినిమా రంగం

1967లో బాపు గారు, రమణ గారు కలిసి సాక్షి సినిమా తీశారు. కృష్ణ, విజయనిర్మల నటించారు. స్టూడియో సెట్టింగులు రాజ్యమేలుతున్న రోజుల్లో గోదావరి ప్రాంతంలోని పులిదిండి గ్రామానికి వెళ్లి తీసిన చిత్రమది. సినిమా తీయడం నేర్చుకుని వచ్చిన మనిషి కాదు బాపు గారు. ప్రతి షాటునూ ముందుగా కాగితం మీద బొమ్మగా వేసుకుని, దాని ప్రకారం తీసేవారు. ఆ పద్ధతి చివరిదాకా మానలేదు.

తరువాత సంపూర్ణ రామాయణం, 1973లో అందాల రాముడు, 1975లో ముత్యాల ముగ్గు, 1976లో సీతాకల్యాణం, భక్త కన్నప్ప, 1978లో మనవూరి పాండవులు వచ్చాయి. ముత్యాల ముగ్గుకు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది. ఆ చిత్రానికే ఇషాన్ ఆర్య గారికి ఛాయాగ్రహణానికి జాతీయ బహుమతి లభించింది. 1980లో హమ్ పాంచ్, 1983లో వో సాత్ దిన్ హిందీలో తీశారు. 1993లో తీసిన మిస్టర్ పెళ్లాం మళ్లీ జాతీయ బహుమతి తెచ్చింది. 1980 దశకంలో రాష్ట్ర ప్రభుత్వం కోసం బడిపిల్లలకు వీడియో పాఠాలు కూడా ఈ మిత్రులిద్దరూ తయారుచేశారు. 1986లో బాపు గారికి రఘుపతి వెంకయ్య అవార్డు ఇచ్చారు.

సినిమాల వల్ల జరిగిన ఒక మేలును ఎవరూ అంతగా గుర్తించలేదు. పత్రిక చదివే అలవాటు లేనివారు, చదువు అంతంత మాత్రమైనవారు కూడా హాలు ముందు నిలబడి పోస్టరు మీద ఆయన అక్షరం చూశారు. వారపత్రికలో ఉన్న దస్తూరీ ఊరి గోడ మీదికి వచ్చింది.

మన ఊళ్లలో ఆ అక్షరం

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చిన తరువాత నాకు జగ్గయ్యపేట బదిలీ అయింది. అక్కడ ఒక పెయింటరుతో పరిచయం కలిగింది. ఆయన పేరు వ్రాయను. పాత లెడ్జరు పుస్తకంలో పత్రికల నుంచి కత్తిరించిన బాపు గారి అక్షరాలు అ నుంచి క్ష వరకు అంటించి పెట్టుకున్నాడు. సాయంత్రం ఆఫీసు వదిలాక ఆయన పని చూస్తూ నిలబడడం నాకు అలవాటయింది. ముందుగా సుద్ద పూసిన దారం లాగి గీత కొట్టేవాడు. సుద్దముక్కతో పేరు గీసుకునేవాడు. తరువాత ఎనామిల్ రంగులో కుంచె ముంచి, ఊపిరి బిగబట్టి, ఒక్క లాగులో గీత తెచ్చేవాడు.

ఏ అక్షరం ఎక్కడ వాడాలో ఆయనకు బాగా తెలుసు. సర్కారు కచేరీ బోర్డుకు, ఆస్పత్రి బోర్డుకు నిలువుగా గట్టి అక్షరాలు వ్రాసేవాడు. సోడా కొట్టుకు, బట్టల దుకాణానికి, పెళ్లి పందిరి ముందు కట్టే గుడ్డకు బాపు అక్షరాలు. దినకర్మ గుడ్డ మీద మాత్రం చచ్చినా బాపు అక్షరం వ్రాయడు. అది నవ్వుతున్నట్లు ఉంటుందని ఆయన ఉద్దేశం. ఇది ఆయనకు ఎవరూ నేర్పలేదు. నందిగామ గాంధీ బొమ్మ దగ్గర నుంచి పేట దాకా రోడ్డు వెంట ఆయనా, ఆయనవంటి వారూ వ్రాసిన బోర్డులు ఎన్నో ఉండేవి. బాపు గారు ఎప్పుడూ చూడని ఊళ్లలో, ఆయనకు తెలియని శిష్యులు, ఆయన దస్తూరీతో ఇళ్లు గడుపుకున్నారు. దానికి ఆయన ఎవరినీ పైసా అడగలేదు.

తరువాత ఫ్లెక్సీలు వచ్చాయి. గంటలో తయారై చేతికి వస్తుంది. కుంచెల వారికి పని తగ్గింది. మా పెయింటరు లారీల నంబరు ప్లేట్లు వ్రాసుకుంటూ కొన్నేళ్లు నెట్టుకువచ్చాడు. ఈలోగా బాపు గారి చేతివ్రాతను కంప్యూటరు అక్షరాలుగా, అంటే ఫాంటుగా తయారుచేశారు. పెళ్లి కార్డులు, పుస్తకాల అట్టలు, ఫ్లెక్సీలు అన్నిటా అది కనబడసాగింది. ఆ తోవలోనే చేతివ్రాత తీరులో ఇంకా కొన్ని ఫాంటులు వచ్చాయి. అమెరికాలోని మన తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర వారు పెద్దన, తిమ్మన వంటి కవుల పేర్లతో చాలా ఫాంటులను ఉచితంగా ఇచ్చారు. వాటిలో లక్కిరెడ్డి వంటివి శీర్షికల కోసమే చేతివ్రాత ఫక్కీలో చేసినవి. ఇది సంతోషించవలసిన విషయమే. నావంటి వాడు కూడా ఇప్పుడు మనవడి చేత బాపు అక్షరాలలో తన పేరు కొట్టించుకోవచ్చు.

ఒకనాడు మా పెయింటరూ నేనూ ఒక పెళ్లి ఫ్లెక్సీ ముందు ఆగాము. ఆయన చాలాసేపు చూసి ఒక సంగతి చూపించాడు. ఆ వరుసలో ర అన్న అక్షరం నాలుగు చోట్ల ఉంది. నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి. బాపు గారు ఒకే పేరులో ఒకే అక్షరాన్ని రెండుసార్లు వ్రాస్తే రెండూ కవలపిల్లల్లా ఉండవనీ, ప్రక్కన వచ్చిన అక్షరాన్ని బట్టి కాస్త వంగుతుందనీ, సాగుతుందనీ, కుదించుకుంటుందనీ వివరించాడు. ఇంటికి వెళ్లి నా పాత కత్తిరింపులు తీసి చూశాను. ఆయన చెప్పింది నిజమే. ఫాంటు అక్షరం రూపాన్ని దాచగలిగింది. చేయి అప్పటికప్పుడు చేసే నిర్ణయాన్ని దాచలేకపోయింది. అంతవరకు ఆ పెయింటరును నేను నకలు వ్రాసేవాడనే అనుకున్నాను. ఆ రోజున ఆయన చదువరి అని తెలిసింది.

చివరి రోజులు

రమణ గారు పోయాక బాపు గారు సగమయ్యారని దగ్గరివారు చెప్పేవారు. రమణ గారు వ్రాసి ఇచ్చిన శ్రీరామరాజ్యం చిత్రాన్ని బాపు గారు పూర్తిచేసి 2011 నవంబరులో విడుదల చేశారు. జీవితమంతా రాముణ్ణి గీసిన చేతికి అదే చివరి సినిమా అయింది. 2013లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. భార్య భాగ్యవతి గారు ఆయన కన్నా ముందే వెళ్లిపోయారు. 2014 ఆగస్టు 31న చెన్నైలో బాపు గారు తమ ఎనభై ఏళ్ల వయసులో కన్నుమూశారు. దశాబ్దం దాటింది. మన నందిగామ, జగ్గయ్యపేట 2022లో ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. ఎన్నో బోర్డుల మీద కృష్ణా జిల్లా అన్న మాట మార్చారు. ఈసారి మార్చింది కుంచె కాదు, యంత్రం. అయినా వాటిలో ఎన్నిటి మీదనో ఉన్నది ఆయన దస్తూరీయే.

మనవి

మిత్రులారా, ఈ జీవితం నుంచి మనబోటి వారు తీసుకోవలసినది ఏమిటి? మనం బాపులం కాము. కాని మనలో ప్రతి ఒక్కరి దస్తూరీ కూడా ఒక్కటే ఉన్నది, మరొకటి లేదు. అడంగళ్లలో, సర్వీసు రిజిస్టర్లలో, నోటు ఫైళ్లలో మన చేతులు ఏళ్ల తరబడి పనిచేశాయి. ఆ కాగితాలు ఏ రికార్డు రూములోనో ఉన్నాయి, లేకపోతే కాలిపోయాయి. మన ఇళ్లలో మాత్రం మన చేతివ్రాత ఒక్క పేజీ కూడా ఉండకపోవచ్చు. మనవలకు మన ఫోటోలు ఉన్నాయి, ఫోనులో గొంతులు ఉన్నాయి. చేతివ్రాత లేదు. చేయి వణికితే వణకనివ్వండి. ఇంటిపేరు, ఊరిపేరు, తాతల పేర్లు, తెలిసిన నాలుగు సంగతులు ఒక నోటుపుస్తకంలో సొంత చేత్తో వ్రాసి పెట్టండి. రాత తిన్నగా లేదని సిగ్గుపడవద్దు. వరుస తిన్నగా లేకపోయినా అక్షరం బాగుండవచ్చునని బాపు గారు మనకు చూపించారు.

నా సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ఆ చెక్కు తిరిగివచ్చిన తరువాత రోజూ ఉదయం కాఫీ అయ్యాక ఒక పేజీ వ్రాయడం మొదలుపెట్టాను. రెండు నెలల తరువాత మళ్లీ బ్యాంకుకు వెళ్లి, పాత సంతకం బదులు ఇప్పటి సంతకం నమూనా తీసుకొమ్మని అర్జీ పెట్టుకున్నాను. మూడుచోట్ల సంతకం చేయమన్నారు. మూడూ కొంచెం కొంచెం తేడాగానే వచ్చాయి. ఆ అమ్మాయి చూసి, ఒకే చేయి అని ఒప్పుకుని ముద్ర వేసింది.

సెలవు.